మందు పడని తూటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొందరు కొందరితో మాట్లాడకూడదు. కోపతాపాల వల్ల కాదు; వరుసలు అలాంటివి. తమ్ముడి భార్య బావగారి ఎదుట నోరు విప్పకూడదు. ఆయన కూడా ఆమె వైపు తిరిగి ఏదీ అడగకూడదు. ఒకే కప్పు కింద బతుకుతూ, ఒకే పొయ్యి మీద వండినది తింటూ, ఆ ఇద్దరూ జీవితాంతం మూడో మనిషి ద్వారానే మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఆ మూడో మనిషిని నేను. మా తాతయ్యకూ, ఆయన తమ్ముడి భార్య అయిన మా చిన్నమామ్మకూ మధ్య మాటలు మోయడమే నాకు ఊహ తెలిశాక అప్పగించిన మొదటి పని.

ఇప్పుడు నేను సింగపూర్‌లో, యూ టీ దగ్గర మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఉద్యోగం చేసినంతకాలం రోజూ పాయా లేబర్ దాకా రైల్లో వెళ్ళి, ఆహార పదార్థాలను పరీక్షించే ఒక ప్రయోగశాలలో పనిచేశాను; ఇప్పుడు రిటైరయ్యాను. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. అందువల్లనేమో, ఏది రాసినా తప్పు లేకుండా, తెలిసినంత మేరకే రాయాలన్న పట్టుదల నన్ను ఇంకా వదలలేదు. ఈ జ్ఞాపకంలో నాకు తెలియని భాగం ఒకటి ఉంది. దీన్ని ఇన్నేళ్ళూ రాయకపోవడానికి అదే కారణం.

కొన్ని ఉదయాలు, గాలి అటునుంచి వీచినప్పుడు, క్రాంజీ వైపు నుంచి సైనికులు కాల్పులు అభ్యసించే చప్పుడు వినిపిస్తుంది. దూరం వల్ల అది పొడిగా, ఎవరో పై అంతస్తులో పరుపులు దులుపుతున్నట్టు ఉంటుంది. నేను గరిట పట్టుకుని అలాగే నిలబడిపోతాను. మా మనవరాలు బడి సంచీ సర్దుకుంటూ, ఇక్కడి పిల్లల యాస ఇంగ్లీషు కలిపి నవ్వుతుంది.

“మామ్మా, అది ఆర్మీ వాళ్ళు లా. ఎవ్రీ వీక్ ఆల్సో గాట్. వై యూ సో స్కేర్డ్?”

పెద్ద చప్పుళ్ళకు నేను భయపడను. వాటి మధ్య ఎక్కడైనా ఒక చిన్న చప్పుడు ఉందేమోనని చెవి పెడతాను. ఆ తేడా ఆ పిల్లకు చెప్పాలంటే మా తాతయ్య పని గురించి చెప్పాలి.

మా ఊరు పార్వతీపురానికి ఎగువన, కొండల మొదట్లో ఉండేది. తాతయ్య అక్కడి కలప కాంట్రాక్టరుగారి దగ్గర వేటకాడు. ఆ రోజుల్లో అనుమతి పత్రం ఉన్నవారు దుప్పులను వేటాడడం నేరం కాదు. కాంట్రాక్టరుగారిది మీట తుపాకీ. చేతికింద ఉన్న ఇనుప కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే, పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం ఎగిరి పక్కన పడేది. లోపల వరుసగా దాచిన వాటిలోంచి కొత్త తూటా వచ్చి దాని చోట కూర్చునేది. రెప్పపాటులో రెండోసారి కాల్చవచ్చు. ఆ వేగమే ఆ తుపాకీ గొప్ప. దాని ప్రమాదం కూడా ఆ వేగంలోనే ఉందని మా ఇంటికి ఆలస్యంగా తెలిసింది.

దానికి సరిపోయే తూటాలు పైదేశం నుంచి రావాలి. అవి రావడం మానేసిన తరువాత, పేలిన గొట్టాలను అడవిలో ఏరుకొచ్చి మా ఇంట్లోనే మళ్ళీ నింపేవారు. ఆ పని ఉదయపు ఎండలో, పెరటి అరుగు మీద జరిగేది. తుపాకీ మందు బయట ఉన్నంతసేపు పొయ్యి కూడా వెలిగించనిచ్చేవారు కాదు. గొట్టం అడుగున, దెబ్బ తగలగానే నిప్పు రాజేసే చిన్న టోపీ పాతది తీసి కొత్తది బిగించడం, కొలిచి మందు పోయడం, పైన సీసపు గుండు పెట్టి పటకారు లాంటి పనిముట్టుతో నొక్కడం. చెప్పుకుంటే పని ఇంతే. చేసేటప్పుడు మాత్రం తాతయ్య ముఖం మంత్రపుష్పం చదివే పురోహితుడి ముఖంలా మారిపోయేది. ఆయనకు ఒక కట్టడి ఉండేది. ఖాళీ గొట్టాలన్నీ పీట మీద బోర్లించి ఉండాలి. ఒకదాన్ని వెల్లకిలా తిప్పితే వెంటనే మందు పోయాలి, వెంటనే గుండు బిగించాలి. మధ్యలో ఎవరు పిలిచినా, ఆ గొట్టాన్ని మళ్ళీ బోర్లించిన తరువాతే లేవాలి.

అరుగుకు రెండో చివర, ముఖం గోడవైపు సగం తిప్పి, కొంగు చెవిదాకా లాక్కుని చిన్నమామ్మ కూర్చునేది. సీసపు గుళ్ళకు మైనమూ కొవ్వూ కలిపి రాయడం ఆమె వంతు. రాసిన గుళ్ళను పళ్ళెంలో పేర్చి, పళ్ళేన్ని మధ్యకు తోసి, తన చేయి పూర్తిగా వెనక్కి తీసుకునేది. అప్పుడు తాతయ్య చేయి చాచేవారు. ఆ రెండు చేతులు పళ్ళెం మీద ఒకేసారి ఉండగా నేను చూడలేదు.

“గుంటా, మైనం అయిపోతందని మీ తాతకి సెప్పు,” అనేది చిన్నమామ్మ.

ఆ మాట తాతయ్యకు స్పష్టంగా వినిపిస్తుంది. అయినా నేను తిరిగి చెప్పేదాకా ఆయన విననట్టే.

“సంతలో తెత్తానని సెప్పమ్మా,” అనేవారు ఆయన, నా వైపు చూస్తూ.

తాతయ్య చిన్నకొడుకు, మా బాబాయికి ఇదంతా వినోదం. “నెమ్మదిగా మాట్లాడండర్రా, టెలిఫోను తీగ తెగిపోగల్దు,” అని నా జడ పట్టుకుని లాగి పోయేవాడు. పెళ్ళి కావలసిన వయసు, ఎప్పుడూ నవ్వు. తాతయ్యకు కళ్ళు మందగించాక కాంట్రాక్టరుగారి వెంట అడవికి వెళ్ళేది బాబాయే. తాతయ్య నింపిన తూటాలు బాబాయి భుజానికి ఆనిన తుపాకీలో పేలేవి. ఆ సంగతి అరుగు మీద కూర్చున్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

ఎందుకు అనేవారు కాదంటే, నేను పుట్టకముందు ఆ అరుగు మీదనే నింపిన తూటా ఒకటి చిన్నతాతను, అంటే చిన్నమామ్మ భర్తను, చంపింది. అప్పట్లో కాంట్రాక్టరుగారికి అటువంటి తుపాకీలు రెండు ఉండేవట. ఒకటి ఆనాడే పోయింది. ఆ రోజు చిన్నతాత వెంట వెళ్ళిన మనిషి చెప్పిన దాన్నిబట్టి, దుప్పి ఎదురుగా నిలబడి ఉంది; ఆయన కాల్చాడు; పెద్ద చప్పుడు రాలేదు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. దుప్పి తల ఎత్తింది. అది పారిపోతుందన్న తొందరలో ఆయన మీట లాగి మళ్ళీ కాల్చాడు. రెండో చప్పుడు మాత్రం కొండ అవతలికి కూడా వినిపించింది.

ఆ మాట వినగానే తాతయ్యకు అర్థమైందట. గొట్టంలో మందు పడకపోతే, అడుగున ఉన్న టోపీ ఒక్కటే పేలుతుంది. ఆ కొద్దిపాటి బలానికి గుండు బయటికి పోలేదు. తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనకనుంచి రెండో తూటా పేలితే పోవడానికి దారి ఉండదు. ఇనుము చీలిపోతుంది. తాతయ్య చాలాకాలం ఆ పనిముట్లు ముట్టుకోలేదు. కాంట్రాక్టరుగారి ఒత్తిడి మీద మళ్ళీ మొదలుపెట్టిన రోజున, ఎవరూ పిలవకుండానే చిన్నమామ్మ వచ్చి అరుగు రెండో చివర కూర్చుని గుళ్ళ పళ్ళెం తన ముందుకు లాక్కుందట. ఎందుకని అడిగే వరుస ఆయనది కాదు. చెప్పే వరుస ఆమెది కాదు.

నేను చెప్పదలచుకున్న ఉదయం, కాంట్రాక్టరుగారి ఇంటికి ఎవరో పెద్ద అతిథులు వచ్చారు. వేటకు వెళ్ళాలి, తూటాలు కావాలి, త్వరగా కావాలి. తాతయ్య నింపుతున్నారు. నేను బోర్లించిన గొట్టాల పీట పక్కన కూర్చుని, నింపిన తూటాలను తోలు సంచీలో వేస్తున్నాను. తాతయ్య ఒక గొట్టాన్ని వెల్లకిలా తిప్పి మందు కొలిచే కొమ్ముగరిటె అందుకోబోతుండగా వీధిలో జీపు హారన్ మోగింది. ఆగలేదు, మోగుతూనే ఉంది.

బాబాయి పెరటి గుమ్మంలోంచి తల పెట్టాడు. “నానా, జీపొచ్చీసింది! ఆయన ఆరను మీద సెయ్యి తియ్యట్నేదు. ఒక్కసారొచ్చి మాటాడు, నేపోతే ఊరంతా సెవుడొచ్చీగల్దు!”

తాతయ్య లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. వచ్చి కూర్చుని, తిప్పి ఉన్న ఆ గొట్టంలోనే గుండు పెట్టి, నొక్కి, నా ముందు ఉంచారు. తరువాతి గొట్టం అందుకున్నారు. ఆయన లేచేటప్పుడు దాన్ని బోర్లించలేదు. తిరిగి వచ్చిన తరువాత మందు పోయలేదు. నేను చూశాను.

నా చేతిలో ఆ తూటా ఉంది. పని నడుస్తుండగా పిల్లలు నోరెత్తకూడదన్నది కూడా ఆ ఇంటి కట్టడే. చేయాల్సింది ఏమిటో తెలియక దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో బాబాయి వచ్చి నా చేతిలోది లాక్కుని సంచీలో వేసి, సంచీ కుదిపి, మూతి బిగించాడు. అది మిగతా వాటిలో కలిసిపోయింది.

“తాతా, ఒకదాన్లో మందు పడనేదు,” అన్నాను.

తాతయ్య ముఖం ఎర్రబడింది. “పోసాను. నా సేతులకి తెల్దా? నువ్వు మాటాడకు.”

“నేదు తాతా. నువ్వు ఈదిలోకెల్లొచ్చి పొయ్యనేదు.”

బయట హారన్. ఆయనను నేను ఈరోజు కూడా తప్పుపట్టలేను. ఏ తూటా ఖాళీదో పైనుంచి చూస్తే తెలియదు. త్రాసులో పెట్టినా తెలియదు. ఇంట్లో పోత పోసిన గుళ్ళు ఒకదానికొకటి బరువు కలవవు. నా మాట నిజమైతే నింపినవన్నీ విప్పాలి. వాకిట్లో యజమాని ఉన్నాడు. చెబుతున్నది ఓనమాలు దిద్దే ఆడపిల్ల. బాబాయి అప్పటికే సంచీ భుజానికి తగిలించుకున్నాడు. “గుంట నిద్దర మొకమేసుకుని కూకుంది నానా, దాని మాటేటి,” అని నవ్వి, గుమ్మం వైపు నడిచాడు.

అప్పుడు అరుగు రెండో చివరి నుంచి ఒక గొంతు వచ్చింది.

“ఆగరా.”

ఆ గొంతు నాకు తెలిసిందే. కానీ తాతయ్య ఉన్నచోట అది ఎప్పుడూ గుసగుసగా, నా చెవి ఎత్తుకు వంగి ఉండేది. ఇప్పుడు ఆ గొంతే నిటారుగా నిలబడి ఉంది. బాబాయి గుమ్మంలో ఆగిపోయాడు. చిన్నమామ్మ కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. మైనం అంటిన ఆమె కుడిచేయి గాలిలో సగం దాకా లేచి ఉంది.

“గుంట సెప్పింది నిజిం. నాను సూసాను, బావగారూ.”

ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆమె అక్కడితో ఆగిపోవచ్చు. చాలినంత చెప్పింది. కానీ ఆ చేయి కిందికి దిగలేదు.

“ఆయేల కూడా సూసాను.”

ఆయేల అంటే ఏ రోజో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేకపోయింది. హారన్ ఎప్పుడు ఆగిందో నాకు జ్ఞాపకం లేదు. చిన్నమామ్మ గోడతో చెబుతున్నట్టుగా చెప్పింది. ఆవేళ కూడా బావగారు ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చారనీ, ఒక గొట్టంలో మందు పడలేదనీ, తాను గుమ్మం వెనకనుంచి చూసిందనీ. అప్పటికే చిన్నతాత వీధిలో మగవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడట. కొత్తకోడలు అక్కడికి పోకూడదు. బావగారితో అనకూడదు. ఆయన చేతిలో తప్పు జరగదని, తన కన్నే పొరబడి ఉంటుందని మనసుకు చెప్పుకుందట.

“మజ్జిలో మాట మొయ్యడానికి ఆయేల ఇంట్లో ఎవులూ నేరు,” అంది.

ఇన్నేళ్ళూ ఆ అరుగు చివర ఆమె మైనం రాయడానికి కూర్చోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆమె కాపలా కూర్చుంది.

తాతయ్య చేతిలోని గుండు పీట మీద పెట్టారు. తరువాత తల ఎత్తకుండా, నా వైపు కూడా తిరగకుండా, ఆయన కూడా కట్టడి తప్పారు.

“ఆయేల గుమ్మం కాడ నువ్వు సెయ్యెత్తడం నానూ సూసానమ్మా. ఏటని అడగనేదు.”

బాబాయి భుజం మీది సంచీ అందుకుని, తూటాలన్నీ పీట మీద పోసి, ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. గుండు ఊడదీయడం, మందు పాత్రలో వంచడం, గొట్టం బోర్లించడం. జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. బాబాయి అరుగు మెట్టు మీద కూలబడ్డాడు. ఆనాటి దాకా అతని ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడలేదు. పని చాలావరకు అయిపోయింది. అన్నింటిలోంచీ మందు రాలుతోంది. నా కన్నే పొరబడిందేమోనని పీటకు ఇంకా దగ్గరగా జరిగాను. అప్పుడు తాతయ్య ఒక గొట్టాన్ని వంచారు, ఏమీ పడలేదు. మళ్ళీ వంచారు. వేలితో తట్టారు. దాన్ని తీసుకెళ్ళి, పళ్ళేన్ని తోసినట్టుగా, అరుగు మధ్యలో పెట్టారు. చిన్నమామ్మ చేయి చాచి దాన్ని అందుకుంది. తాతయ్య తన చేయి వెనక్కి తీసుకోలేదు.

కాంట్రాక్టరుగారు ఆ తరువాత తూటాలు వేరేచోట నింపించుకున్నారు. మా ఇంట్లో పనిముట్లు అటకెక్కాయి. అంత జరిగినా ఆ ఇద్దరూ మళ్ళీ నేరుగా మాట్లాడుకున్నది నేను వినలేదు. “మీ తాతకి సెప్పు” అనే మాట మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఒకటి మాత్రం మారింది. చిన్నమామ్మ చేయి కొద్దిగా కదిలినా, ఆమె ఏదో అనబోయి మింగినా, తాతయ్య చేస్తున్న పని ఆపి, ముఖం తిప్పకుండానే అలా ఆగిపోయేవారు. మజ్జిగ గ్లాసు సగంలో ఉన్నా సరే. ఆమె చెప్పడం, నేను మోయడం అయ్యేదాకా గుటక వేసేవారు కాదు.

ఆయన ఆ రోజు అన్న మాటే నాకు తెలియని భాగం. చిన్నతాత పోయిన రోజున ఆమె చేయి లేవడం ఆయన నిజంగా చూశారా? చూసి కూడా వరుసకు కట్టుబడి ఊరుకుని, తమ్ముడిని పోగొట్టుకుని, అన్నేళ్ళు ఆ భారంతో ఆమె ఎదురుగా కూర్చున్నారా? లేక ఆమె మోస్తున్నది ఒంటిగా మోయలేదని ఆ క్షణంలో గ్రహించి, అందులో సగం తన తల మీద వేసుకోవడానికి అలా అన్నారా? కాలేజీలో నిరూపణ లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని నేర్చుకున్నాను. ఈ ఒక్క దానికి నిరూపణ దొరకలేదు. అడగడానికి వాళ్ళు లేరు. ఉన్నా, అడిగి ఉండేదాన్ని కాదేమో. కొన్నిసార్లు ఇక్కడి రైల్లో నిలబడి ఉన్నప్పుడు, ఎదుటి అద్దంలో మనుషుల మధ్య మైనం అంటిన ఒక చేయి సగం దాకా లేచి ఆగినట్టు కనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరో పైన వేలాడే పట్టీ అందుకుంటూ ఉంటారు.

ఈ మధ్య ఒక ఉదయం, క్రాంజీ వైపు నుంచి చప్పుళ్ళు వస్తుండగా, మా కోడలు ఆఫీసుకు వెళ్తూ వంటగది గుమ్మంలో ఆగింది. చేయి గోడకు ఆనించబోయి మళ్ళీ దించేసుకుంది. పెదవి కదిలింది.

“ఏమిటమ్మా, ఏదో చెప్పబోయావు?”

“ఏం లేదు అత్తయ్యా. లేట్ అవుతోంది.”

నేను పొయ్యి ఆర్పేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మనవరాలు బడి సంచీ దించి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి మా కోడలు కళ్ళు దించుకుని చెప్పింది.

“మొన్న మీరు స్టవ్ ఆఫ్ చెయ్యకుండా మార్కెట్‌కి వెళ్ళిపోయారత్తయ్యా. పాప ఒక్కతే ఉంది, స్కూల్ నుంచి వచ్చి నిద్రపోతోంది. అదృష్టం కొద్దీ నేను తొందరగా వచ్చాను. అంతకుముందు కూడా ఒకసారి అయింది. మీరు బాధపడతారని చెప్పలేదు. మీ అబ్బాయితో చెప్పిద్దాం అనుకున్నా.”

చెవుల్లో ఒక చిన్న చప్పుడు వినిపించింది. ఎండుపుల్ల విరిగినట్టు. క్రాంజీ నుంచి కాదు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తప్పు నాదైతే, దాన్ని చెప్పనందుకు తాను తప్పు చేసినదానిలా నిలబడి ఉంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

“నువ్వు గుమ్మం దగ్గర ఆగడం మొన్న నేనూ చూశానమ్మా. ఏమిటని అడగలేదు.”

ఆమె ముఖం తేలికపడింది. వెళ్ళేలోపు పొయ్యి విషయంలో ఏం చేయాలో ముగ్గురం మాట్లాడుకున్నాం. ఇకమీద నేను బయటికి వెళ్ళేముందు మనవరాలు వచ్చి చూస్తుంది, చూసింది చూసినట్టు నా ముఖం మీదే చెబుతుంది. “కెన్ లా, మామ్మా,” అని ఒప్పుకుంది ఆ పిల్ల, చాలా గంభీరంగా.

వాళ్ళు వెళ్ళిన తరువాత లేచి పొయ్యి మళ్ళీ ఒకసారి చూసి వచ్చాను. మొన్న ఆమె గుమ్మంలో ఆగడం నేను నిజంగా చూశానా అని నన్ను ఎవరైనా అడిగితే, ఖాయంగా జవాబు చెప్పలేను. చూశాననే అనిపిస్తోంది. తాతయ్యకు కూడా అలాగే అనిపించి ఉంటుందా?